ప్లగ్గు దూరినంత మాత్రాన సరిపోదు: విదేశాల్లో ఛార్జర్లు, పరికరాలు క్షేమంగా వాడుకోవడం

పవర్ సప్లైలు, ఛార్జర్లు బాగుచేయడం నా వృత్తి. విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లు నా బల్ల మీదకు తెచ్చే వస్తువుల్లో చాలా వాటిది ఒకటే కథ. ప్లగ్గు అక్కడి సాకెట్లో చక్కగా దూరింది, స్విచ్చి వేశారు, టప్‌మని శబ్దం, వెంటనే కాలిన వాసన. మూత విప్పి చూస్తే పొట్ట పగిలిన కెపాసిటర్ (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాలాంటి భాగం), మసిబారిన ఫ్యూజు. వస్తువు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. మంచం పక్కన, పరుపుకు ఆనుకుని ఉన్న సాకెట్లో ఇలా జరిగితే మాత్రం మంటలు లేచే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవాళ్లెవరైనా ప్రయాణం పెట్టుకుంటే, ఛార్జర్ల మీది లేబుళ్లు చదివారా అని తప్పకుండా అడుగుతాను.

సాకెట్ ఆకారానికీ, అందులో వచ్చే వోల్టేజీకీ సంబంధం లేదు. అమెరికాలో రెండు బల్లపరుపు పిన్నుల సాకెట్లు, 120 వోల్టులు. ఫిలిప్పీన్స్‌లోనూ అవే బల్లపరుపు పిన్నులు, కానీ వచ్చేది 220 వోల్టులు. అమెరికాలో కొన్న హెయిర్ స్ట్రెయిట్‌నర్ మనీలా హోటల్లో అడాప్టర్ లేకుండానే దూరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వియత్నాం, పెరూ, చైనాల్లో కూడా చాలా సాకెట్లు ఈ పిన్నులను తీసుకుంటాయి, అక్కడా 220 వోల్టులే. బ్రెజిల్‌లో అయితే ఒకే ఆకారపు సాకెట్‌లో ఊరిని బట్టి వోల్టేజీ మారుతుంది. రియోలో 127, రాజధాని బ్రెజీలియాలో 220. అక్కడ హోటల్ వాళ్లను అడగకుండా దేన్నీ గోడకు తగిలించకండి.

లేబుల్ ఎలా చదవాలి

సూట్‌కేసు సర్దడానికి ముందు, కరెంటుతో పనిచేసే ప్రతి వస్తువునూ ఒక బల్ల మీద పెట్టండి. ఛార్జర్లే కాదు; ట్రిమ్మర్, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ స్టాండు, పాపాయి పాలసీసా వెచ్చబెట్టే పరికరం, కెమెరా బ్యాటరీ ఛార్జర్, అన్నీ. అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయి, బూడిదరంగు మీద బూడిదరంగులో ఉంటాయి. ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేసి చదవండి. ఆ ఫోటోలను ఫోన్‌లోనే ఉంచుకోండి, అక్కడికి వెళ్లాక అవసరపడతాయి.

లేబుల్ మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు వరుసలుంటాయి. గోడ నుంచి వచ్చే కరెంటుకు సంబంధించింది ఇన్‌పుట్ వరుస. అవుట్‌పుట్ దగ్గర 5, 9, 20 వోల్టులని ఉన్నా కంగారు పడొద్దు, అది ఫోన్‌కో లాప్‌టాప్‌కో వెళ్లేది. ఇన్‌పుట్ దగ్గర "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ఆ వస్తువు గురించి టెన్షన్ అక్కర్లేదు. జపాన్ 100 వోల్టుల దగ్గర్నుంచి బ్రిటన్, ఆస్ట్రేలియాల 230 వోల్టుల దాకా తట్టుకుంటుంది. దానికి కావలసింది పిన్నుల ఆకారం మార్చే అడాప్టర్ ఒక్కటే. ఇప్పటి ఫోన్, లాప్‌టాప్, కెమెరా ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాగే వస్తున్నాయి.

"220-240" అని మాత్రమే ఉంటే అది అమెరికా, కెనడా, జపాన్, తైవాన్‌లలో సరిగా పనిచేయదు. "120" అనో "110-120" అనో మాత్రమే ఉంటే అది యూరప్‌లోనూ, ఆసియాలో ఎక్కువ దేశాల్లోనూ కాలిపోతుంది. "110/220" అని మధ్యలో గీత ఉంటే ఎక్కడో ఒక చిన్న స్విచ్చి ఉంటుందని అర్థం. ప్రయాణాల కోసం చేసిన హెయిర్ డ్రయ్యర్లలో ఈ స్విచ్చి పిడి మీద ఉంటుంది, నాణెం అంచుతో తిప్పాలి. అది దానంతట అది మారదు. ప్లగ్గు పెట్టకముందే మార్చాలి, వేరే వోల్టేజీ ఉన్న దేశానికి వెళ్తే మళ్లీ మార్చాలి.

120 వోల్టుల వస్తువు 230కి ఎందుకు పగులుతుందో చెబితే ఈ లేబుల్ విలువ అర్థమవుతుంది. గోడలోంచి వచ్చే, తరంగంలా దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటును పవర్ సప్లై ముందు ఒకే దిశలో పోయే డీసీగా మార్చి ఒక కెపాసిటర్లో నింపుతుంది. ఆ కెపాసిటర్ మీద పడేది తరంగపు శిఖరం, అంటే లేబుల్ మీది వోల్టేజీకి సుమారు 1.41 రెట్లు. 120 వోల్టులకు అది దాదాపు 170, 230కి దాదాపు 325. 120కి మాత్రమే చేసిన సప్లైల్లో సాధారణంగా 200 వోల్టులు తట్టుకునే కెపాసిటర్ వేస్తారు. దాని మీద 325 పడితే లోపలి ద్రవం వేడెక్కి, ఆవిరై, పైనున్న గీతల దగ్గర పగిలి బయటికి వస్తుంది. ఆ టప్‌మన్న శబ్దం అదే.

వేడి పుట్టించే వస్తువులు

కెటిల్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్, స్ట్రెయిట్‌నర్. వీటిని సాధ్యమైనంతవరకు తీసుకెళ్లొద్దనే నా సలహా. వేడి చేసే తీగలో ఖర్చయ్యే శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 120 వోల్టుల మీద 1500 వాట్లు తీసుకునే డ్రయ్యర్‌ను 230కి పెడితే అది 5500 వాట్ల దాకా లాగడానికి చూస్తుంది. ఫ్యూజు పోతే అదృష్టం, లేకపోతే తీగ ఎర్రబడి ప్లాస్టిక్ కరుగుతుంది. తిరగేసి చూస్తే, 230 వోల్టుల 1500 వాట్ల కెటిల్‌కు 120 వోల్టులు ఇస్తే 400 వాట్లే వస్తాయి. ప్రమాదమేమీ లేదు, నీళ్లు కాగడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.

ఇలాంటి వాటి కోసమని అమ్మే "ట్రావెల్ కన్వర్టర్" అనే తేలికైన పెట్టె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, దానివల్ల పాడైన వస్తువులు నా దగ్గరికి చాలా వస్తాయి. అరచేతిలో పట్టేంత ఉంటుంది, మీద 1600 వాట్లనో 2000 వాట్లనో రాసి ఉంటుంది. అది వోల్టేజీని నిజంగా తగ్గించదు. తరంగంలో కొంత భాగాన్ని కోసేసి, సగటున తక్కువ శక్తి వెళ్లేలా చేస్తుంది. కోసిన తరంగం వేడి చేసే తీగకు సరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ ఉన్న దేనికీ సరిపోదు. డిజిటల్ ఉష్ణోగ్రత చూపించే స్ట్రెయిట్‌నర్ కూడా ఎలక్ట్రానిక్ వస్తువే అని గుర్తుంచుకోండి.

నిజంగా వోల్టేజీ మార్చేది ట్రాన్స్‌ఫార్మర్. లోపల ఇనుప రేకులు, రాగితీగ చుట్లు ఉంటాయి కాబట్టి చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. కొన్నాళ్లు అక్కడే ఉండిపోయేవాళ్లు, వోల్టేజీ సరిపోని ఖరీదైన ఆడియో పరికరమో వైద్య పరికరమో ఉన్నవాళ్లు దీన్ని కొనాలి. వస్తువు తీసుకునే వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్నది తీసుకోండి, మోటారు ఉన్నవాటికి ఇంకా ఎక్కువ. పది రోజుల ప్రయాణానికి మాత్రం దీన్ని మోసుకెళ్లడం దండగ. అక్కడి వోల్టేజీకి సరిపోయే చిన్న డ్రయ్యర్ అక్కడే దొరుకుతుంది, చాలా హోటళ్లలో గదిలోనే ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ను, అంటే సెకనుకు ఎన్ని తరంగాలన్న లెక్కను, మార్చదు. ఛార్జర్లకు దీనితో పనిలేదు. ఏసీ కరెంటుతో నడిచే మోటారు వేగం, కొన్ని పాత గడియారాల లెక్క దీని మీద ఆధారపడతాయి. జపాన్ ఒక్క దేశంలోనే రెండూ ఉన్నాయి. టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో వాళ్లు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్లు అమెరికా జనరేటర్లు తెప్పించుకున్నారు. ఆ తేడా ఇప్పటికీ అలాగే మిగిలింది.

అడాప్టర్ ఎంచుకోవడం

అడాప్టర్ ఆకారం మారుస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. బ్రిటన్, ఐర్లాండ్, సింగపూర్, మలేసియా, హాంకాంగ్, యూఏఈలలో మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల టైప్ జి. యూరప్ ప్రధాన భూభాగంలో ఎక్కువగా రెండు గుండ్రటి పిన్నులు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అర్జెంటీనాల్లో ఏటవాలు పిన్నులు. స్విట్జర్లాండ్, ఇటలీ, డెన్మార్క్‌లకు సొంత ఆకారాలు కూడా ఉన్నాయి. స్విట్జర్లాండ్ సాకెట్లు చాలావరకు గోడలోకి గుంటగా ఉంటాయి, లావుపాటి యూనివర్సల్ అడాప్టర్ వాటిలో దూరదు. జపాన్ హోటళ్లలో ఎక్కువగా రెండు రంధ్రాల సాకెట్లే ఉంటాయి కాబట్టి అమెరికా మూడు పిన్నుల లాప్‌టాప్ తీగ అక్కడ పట్టదు.

అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చూడండి. దాన్ని వోల్టేజీతో గుణిస్తే ఎన్ని వాట్లు మోయగలదో తెలుస్తుంది. 6 ఆంపియర్ల అడాప్టర్ 230 వోల్టుల దగ్గర 1380 వాట్లు మోస్తే, 100 వోల్టుల జపాన్‌లో 600 మాత్రమే మోస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాట్లు సాధారణంగా ఎక్కువ వోల్టేజీకి లెక్కకట్టినవే. లోపల ఫ్యూజు ఉన్నదీ, విడి ఫ్యూజు ఇచ్చినదీ కొనండి.

ఇక ఎర్తింగ్. ఇది చాలామంది పట్టించుకోని విషయం, నేను గట్టిగా పట్టుబట్టే విషయం. జారుడు మీటలతో అన్ని దేశాల పిన్నులూ బయటికి వచ్చే యూనివర్సల్ అడాప్టర్లలో చాలా వాటికి ఎర్త్ ఉండదు. మూడో పిన్ను దూరడానికి రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. జర్మనీ తరహా సాకెట్‌లో ఎర్త్ పక్కనున్న రెండు లోహపు పట్టీల ద్వారా వస్తుంది. ఫ్రాన్స్ తరహాలో సాకెట్లోంచే ఒక పిన్ను బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మీ అడాప్టర్ వీటిని తాకకపోతే ఎర్త్ లేనట్టే. లోహపు ఒళ్లున్న లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జిల్లుమన్నట్టు అనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఛార్జర్ లోపల రేడియో అలజడిని అణిచే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి గుండా అతి స్వల్పంగా కారే కరెంటు ఎర్త్‌లోకి పోవాలి, దారి లేకపోతే లాప్‌టాప్ ఒంటి మీదకు వస్తుంది. మంచి ఛార్జర్‌లో ఆ మోతాదు హాని చేసేది కాదు. నాసిరకం ఛార్జరైతే ఆ భరోసా ఉండదు. మూడు పిన్నుల తీగతో వచ్చిన వస్తువును ఎర్త్ ఉన్న అడాప్టర్‌తోనే వాడండి.

టైప్ జి సాకెట్‌లో పై రంధ్రంలోకి పెన్నో, స్పూనో గుచ్చి, కింది మూతలు తెరిచి, రెండు పిన్నుల ప్లగ్గు దూర్చడం చాలామందికి తెలిసిన కిటుకు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మూతలు పిల్లల వేళ్లు లోపలికి వెళ్లకుండా పెట్టినవి. పైగా ఆ రంధ్రాలు చదునైన పిన్నుల కోసం చేసినవి, గుండ్రటి పిన్ను సరిగా పట్టదు. వదులుగా ఉన్న చోట వేడి పుడుతుంది. బ్రిటన్ ప్లగ్గు లోపలే ఫ్యూజు ఉంటుంది, తీగకు అదే రక్షణ. నేరుగా దూర్చిన ప్లగ్గుకు అది కూడా ఉండదు.

అడాప్టర్ కంటే మంచి మార్గం ఒకటుంది. మీ లాప్‌టాప్ ఛార్జర్ మధ్యలో ఉండే ఇటుకలాంటి పెట్టె నుంచి గోడకు వెళ్లే తీగ ఊడి వస్తుందేమో చూడండి. ఇటుక వైపు కొన మూడు ఆకుల ఆకారంలోనో, ఎనిమిది అంకె ఆకారంలోనో ఉంటే అది ప్రపంచమంతటా ఒకటే కొలత. వెళ్లే దేశపు ప్లగ్గుతో ఆ తీగ ఒక్కటి కొనుక్కుంటే చాలు. మూడు ఆకుల రకమైతే ఎర్త్ కూడా సరిగా వస్తుంది. అడాప్టర్, దాని మీద బరువైన ఛార్జర్, ఆ బరువుకు కిందికి వాలిన ప్లగ్గు, ఈ గొడవంతా పోతుంది. తరచూ ఒకే దేశానికి వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మేలైనది లేదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు

ఒక అడాప్టర్, దానికి మీ బోర్డు, బోర్డుకు నాలుగు ఛార్జర్లు. ఈ ఏర్పాటు మంచిదే, ఛార్జర్ల వరకే వాడితే. బోర్డు 250 వోల్టులకు చేసినదై ఉండాలి. 120 వోల్టుల దేశంలో కొన్న స్పైక్ గార్డును 230 వోల్టుల దేశంలో పెట్టడం మాత్రం చాలా ప్రమాదం. అందులో అదనపు వోల్టేజీని మింగే చిన్న బిళ్లలుంటాయి. అవి సుమారు 130-150 వోల్టుల కరెంటుకు తగినట్టు ఎంచినవి. 230 రాగానే ఆగకుండా మింగడం మొదలుపెట్టి, వేడెక్కి, అంటుకుంటాయి. నౌకా విహారాలకు వెళ్లేవాళ్లు ఇంకో మాట కూడా గమనించండి. చాలా క్రూయిజ్ సంస్థలు స్పైక్ గార్డులను ఓడలోకి రానివ్వవు.

ఒక్క ఛార్జర్‌తో సరిపెట్టుకోవడం

వస్తువులు తగ్గితే ప్రమాదాలూ తగ్గుతాయి. యూఎస్‌బీ-సీ వచ్చాక ఇది సులువైంది. 65 వాట్ల గ్యాన్ (గాలియం నైట్రైడ్ చిప్‌లతో చేసిన చిన్నపాటి) ఛార్జర్ ఒక్కటి ఫోన్‌కు, టాబ్లెట్‌కు, మామూలు లాప్‌టాప్‌కు సరిపోతుంది. ఏ వస్తువుకు ఎన్ని వోల్టులు కావాలో ఛార్జర్, వస్తువు ముందు మాట్లాడుకుంటాయి. 5తో మొదలై 9, 15, 20 దాకా వెళ్తాయి. రెండు వస్తువులు పెడితే వాట్లు పంచుకుంటాయి, లాప్‌టాప్‌కు 45 మాత్రమే రావచ్చు. తీగను కూడా చూడాలి. మామూలు సీ-తీగ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 60 వాట్లు. అంతకన్నా ఎక్కువ కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల తీగ కావాలి. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలకు యూఎస్‌బీ-సీ తప్పనిసరి. కాబట్టి అక్కడ తీగ పోగొట్టుకున్నా మరొకటి తేలిగ్గా దొరుకుతుంది.

విమానాశ్రయంలో, బస్సులో ఉండే యూఎస్‌బీ రంధ్రాల గుండా కరెంటుతో పాటు ఫోన్‌లోని సమాచారమూ పోగలదు కాబట్టి వాటికంటే సొంత ఛార్జర్, సొంత పవర్ బ్యాంక్ మేలు. తప్పనిసరైతే ఫోన్ అడిగే ప్రశ్నకు "ఛార్జింగ్ మాత్రమే" ఎంచుకోండి. విమానం సీటు దగ్గరి సాకెట్ సుమారు 110 వోల్టులు ఇస్తుంది, ఎక్కువ వాట్లు లాగితే ఆగిపోతుంది. అక్కడ పెద్ద లాప్‌టాప్ ఛార్జ్ కాకపోతే ఛార్జర్ పాడైందని అనుకోవద్దు.

పవర్ బ్యాంక్

దీన్ని చెకిన్ సామానులో పెట్టకూడదు, వెంట తీసుకెళ్లే సంచిలోనే ఉండాలి. సరుకుల గదిలో బ్యాటరీ అంటుకుంటే ఆర్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. 100 వాట్-అవర్ల లోపు అయితే సాధారణంగా అనుమతి అడగక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతి కావాలి, అదీ రెండింటికే. 160 దాటితే ప్రయాణికుడు తీసుకెళ్లలేడు. మిల్లీఆంపియర్ అవర్లను 1000తో భాగించి 3.7తో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అంటే 74. 27,000 అంటే 99.9, సరిగ్గా గీత మీద ఉంటుంది. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును భద్రతా సిబ్బంది తీసేసుకోవచ్చు, అది ఇంట్లోనే ఉంచండి.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఒక విమానం బయలుదేరకముందే అగ్నికి ఆహుతైంది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాత మార్చి నుంచి కొరియా సంస్థల విమానాల్లో పవర్ బ్యాంకులను తల మీది అరల్లో పెట్టనివ్వడం లేదు. చైనా 2025 జూన్ 28 నుంచి తన దేశీయ విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్ బ్యాంకులను నిషేధించింది. కొన్ని సంస్థలు విమానంలో పవర్ బ్యాంక్ వాడటాన్నే ఆపేశాయి. ఈ నిబంధనలు త్వరత్వరగా మారుతున్నాయి, టికెట్ ఉన్న ప్రతి సంస్థ నిబంధనా ప్రయాణానికి ముందు రోజు చదవండి. మధ్యలో విమానం మారితే రెండో సంస్థది కూడా.

గదిలో

చలి దేశాల్లో బయట తిరిగొచ్చిన వెంటనే ఫోన్‌నూ, కెమెరా బ్యాటరీనీ ఛార్జింగ్‌కు పెట్టకండి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్న లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ బాగుపడదు. గదిలో కాసేపు వెచ్చబడనివ్వండి. ఛార్జ్ అవుతున్న దేన్నీ దిండు కింద, దుప్పటి మడతల్లో ఉంచొద్దు.

చాలా హోటల్ గదుల్లో తలుపు దగ్గర కార్డు తీయగానే సాకెట్లు ఆగిపోతాయి. ఫ్రిజ్ సాకెట్‌కు మాత్రం సాధారణంగా కరెంటు ఉంటుంది. నిద్రలో శ్వాస పరికరం వాడేవాళ్లు గదిలోకి వెళ్లగానే ఏ సాకెట్ ఆగకుండా వస్తుందో, మంచం దాకా తీగ అందుతుందో చూసుకోవాలి. ఆ పరికరాన్నీ వెంట తీసుకెళ్లే సంచిలోనే పెట్టుకోండి. స్నానాల గదిలో "షేవర్లకు మాత్రమే" అని ఉన్న సాకెట్ వెనక చాలా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. షేవర్‌కు, టూత్‌బ్రష్‌కు తప్ప దాన్ని వాడొద్దు.

కొత్త చోట మొదటిసారి ఛార్జర్ పెట్టాక పావుగంట అక్కడే ఉండి, ప్లగ్గునూ అడాప్టర్‌నూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడి, చిటపట శబ్దం, చేపల వాసనలాంటి వాసన, సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపేసి సాకెట్ మార్చండి, హోటల్ వాళ్లకు చెప్పండి. టప్‌మని పేలితే ముందు మెయిన్ స్విచ్చో, గోడ స్విచ్చో ఆపి, తర్వాతే ప్లగ్గు లాగండి. కొత్త ఫ్యూజు వేసి మళ్లీ పెట్టి చూడొద్దు. ఫ్యూజు ఊరికే పోదు, వెనక ఇంకేదో షార్ట్ అయితేనే పోతుంది. ఉబ్బిన ఫోన్‌నూ, పవర్ బ్యాంకునూ తిరుగు విమానంలోకి తేవద్దు. అక్కడే బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి.